బలియు త్యాగమును: తెలుగు కళాత్మక చలనచిత్రములలో స్త్రీ

కొన్ని సంవత్సరముల క్రిందట స్నాతకోత్తర తరగతిలో కట్టమంచి రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణము' బోధించుచుంటిమి. తెగిపోవుచున్న చెరువుకట్టను నిలుపుటకై బసిరెడ్డి చిన్నకోడలు తనను తాను అర్పించుకొను ఘట్టమును వివరించి, ఆమె త్యాగనిరతిని ప్రశంసించి, పుస్తకము మూయబోవు సమయమున హసన్‌పర్తినుండి వచ్చి చదువుకొనుచున్న యొక విద్యార్థిని లేచి నిలిచి, "ఆమె పోనంటే ఏమయితుండె సార్?" అని అడిగినది. అది పాత్రస్వభావమునకు విరుద్ధమనియు, విషాదకావ్యమునకు ఆ యంగీకారమే ప్రాణమనియు మేము సమాధానము చెప్పితిమి. ఆమె కూర్చున్నది, ప్రశ్న మాత్రము కూర్చుండలేదు.

హసన్‌పర్తి హనుమకొండనుండి కరీంనగరమునకు పోవు మార్గమున, కాకతీయ విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు సమీపమున నున్నది. ఓరుగల్లు ప్రాంతము చెరువుల సీమ. ఈ సీమలో చెరువుకట్టపై కట్టమైసమ్మ లేని ఊరు అరుదు. వానలు కురిసి నీరు నిండినపుడు కట్ట నిలువవలెనని ఆ తల్లికి మ్రొక్కుదురు. అందువలన మాకు కావ్యవిషయముగా తోచినది ఆ విద్యార్థినికి ఊరివిషయముగా తోచినది. ఆమె ప్రశ్న కావ్యలక్షణమునకు సంబంధించినది కాదు. ప్రాణమిచ్చిన స్త్రీని దేవతగా నిలుపు సంప్రదాయము, ఆ ప్రాణమును అడిగినవారినిగూర్చి ఏమి చెప్పుచున్నది? ఇదియే ఆమె అడిగినది. ఈ ప్రశ్నకు మన పండితవ్యాసములలో కంటె 1977వ సంవత్సరమునకు తరువాత వెలువడిన కొన్ని తెలుగు చలనచిత్రములలో సూటియైన విచారణ జరిగినదని మా యభిప్రాయము. ఆ విచారణక్రమమును చారిత్రకముగా నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

ముందుగా రెండు మాటల యర్థమును నిర్ణయించుకొనవలెను. త్యాగమనగా విడిచిపెట్టుట. విడుచువాడే దానికి కర్త. బలియనగా సమర్పింపబడునది. దానిని సమర్పించు కర్త వేరొకడు. వాడుకలో మనము ఈ రెంటిని కలిపివేసి, ఒక స్త్రీ బలియైనదని చెప్పవలసిన చోట త్యాగము చేసినదని చెప్పుచున్నాము. అట్లు చెప్పగనే కర్త మారిపోవును. అడిగినవాడు, నిర్ణయించినవాడు, ఫలమనుభవించినవాడు వాక్యమునుండి తొలగిపోయి ఆమె యొక్కతెయే మిగులును. ఇది వ్యాకరణవిషయముగా కనబడినను నిజమునకు సంఘవిషయము.

పూర్వసంప్రదాయము

'ముసలమ్మ మరణము' 1899లో రచింపబడి 1900లో ప్రకటితమైనది. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రపు చెరువునుగూర్చిన ఐతిహ్యము దానికి మూలము. ఈ కథ తెలుగుదేశమునకు మాత్రమే పరిమితమైనది కాదు. కన్నడ జానపదమున 'కెఱెగె హార' యను గేయకథలో భాగీరథి యను కోడలు చెరువులో నీరు పడుటకై బలియగును. రుమేనియా దేశమున శిల్పి మనోలె కట్టుచున్న మఠపు గోడ నిలుచుటకు అతని భార్యను గోడలో పెట్టి కట్టిరని యొక గాథ గలదు. బాల్కను దేశములలో స్కదరు కోటనుగూర్చియు ఇట్టిదే ప్రచారములో నున్నది. కట్టడము మారును, భాష మారును. ఎన్నుకొనబడునది మాత్రము ఇంటికి వచ్చిన కోడలు లేక భార్య. పుట్టింటివారు దూరముననుందురు, మెట్టినయింట మాటచెల్లుబడి తక్కువ. ఈ గాథలలో దైవము కోరినదని చెప్పబడు వ్యక్తియు, కుటుంబమున నోరెత్తజాలని వ్యక్తియు ఒక్కతెయే యగుట యాదృచ్ఛికము కాదు.

పురుషులు ఆత్మార్పణము చేసికొనలేదా యన్నచో, చేసికొనిరి. శ్రీశైలమున రెడ్డిరాజు అనవేమారెడ్డి 1377లో కట్టించిన వీరశిరోమండపము దీనికి సాక్ష్యము. అచ్చట వీరభక్తులు తమ శిరస్సులను, నాలుకలను కోసి శివునకు సమర్పించిరని శాసనము వర్ణించుచున్నది. అయితే ఆ యర్పణము వీరధర్మముగా పరిగణింపబడినది. దానికి రాజు మండపము కట్టించెను. కవి శాసనము వ్రాసెను. ఆ భక్తునికి ఫలము కైలాసము, అనగా తనకే. ముసలమ్మ మరణఫలము మాత్రము ఊరికి చెందినది. ఒకనిది తన మోక్షమునకై చేసిన సాహసము. ఒకతెది పరులకై చెల్లించిన ధర. రెండును ఒకే పేరున పిలువదగినవి కావు.

స్త్రీవిషయమున ఈ ధరను మరపించునది దైవీకరణము. మన గ్రామములలో పేరంటాండ్ర గుళ్లు పెక్కులు గలవు. పేరంటాలనగా మొదట ముత్తైదువ. పిదప భర్తతో సహగమనము చేసిన స్త్రీ. క్రమముగా అట్టి మరణము పొంది పూజలందుకొను దేవత. వీరిలో సుప్రసిద్ధురాలు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ. అనిగండ్లపాడున పుట్టి, పెనుగంచిప్రోలులో మెట్టి, అత్తింటి యారళ్లను సహించి, భర్త గోపయ్య మరణానంతరము యోగాగ్నిలో దేహము విడిచినదని ఆమె చరిత్రము. మునేటి యొడ్డున నున్న ఆమె యాలయమునకు నేటికిని లక్షలాది జనము వత్తురు. ఆ భక్తిని మేము తక్కువచేయుటలేదు. పీడింపబడిన కోడలిని దేవతగా నిలిపి, అత్తలచేత మ్రొక్కించుటలో జానపదుల న్యాయబుద్ధియు కొంత గలదు. కాని ఆ న్యాయము ఆమె మరణించిన తరువాతనే లభించినది. బ్రతికియుండగా పశువులపాకలో నుంచి, పోయిన పిదప గర్భగుడిలో నుంచుట మన యాచారమైనది.

వెండితెరపై సతి

తెలుగు మాటల చిత్రము 1932లో 'భక్తప్రహ్లాద'తో మొదలైనది. మరుసటి సంవత్సరమే 'సతీ సావిత్రి' వెలువడినది. అటుపిమ్మట 1957లో 'సతీ అనసూయ', 1965లో 'సతీ సక్కుబాయి' మొదలుగా 'సతీ' శబ్దముతో ప్రారంభమగు చిత్రములు తామరతంపరగా వచ్చినవి. పురుషపాత్రలకు 'భక్త' శబ్దము, స్త్రీపాత్రలకు 'సతీ' శబ్దము బిరుదములైనవి. భక్తునికి దేవునితో నేరుగా సంబంధము. సతికి భర్తద్వారమున సంబంధము. శీర్షికలలోనే ధర్మవిభజన జరిగిపోయినది.

ఈ పరంపరలో 1963లో వచ్చిన 'శ్రీ తిరుపతమ్మ కథ' మనకు ముఖ్యము. దానికి దర్శకుడు బి. ఎస్. నారాయణ. నందమూరి తారకరామారావు, కృష్ణకుమారి ప్రధానపాత్రధారులు. పెనుగంచిప్రోలు పేరంటాలి గాథయే అందలి కథ. జనబాహుళ్యమునకు పరిచితమైన భక్తిచిత్రపద్ధతిలో అది సాగినది. కోడలి కష్టములు ఎంత పెరిగిన ఆమె మహిమ అంత పెరుగును. కడపట ఆమె దైవత్వము ఆ కష్టములన్నిటికిని పరిహారమగును. ప్రేక్షకుడు కన్నీరు తుడుచుకొని చేతులు జోడించును. అత్త యేల అట్లు చేసినది, ఊరు ఏల ఊరకున్నది అను ప్రశ్నలు ఆ జోడించిన చేతుల నడుమ నలిగిపోవును.

ఈ దర్శకుడే పదునారు సంవత్సరముల తరువాత 'నిమజ్జనము' తీసెను. ఒకే వ్యక్తి చేతిలో ఒకే విషయము రెండు రూపములు దాల్చుట చరిత్రకారునికి అరుదుగా లభించు సాక్ష్యము. దానిని పరిశీలింపబోవుటకు ముందు, ఆ నడిమి కాలమున వచ్చిన మార్పును గమనింపవలెను.

సమాంతరచిత్రముల విచారణ

1970 దశాబ్దమున భారతదేశపు పలుభాషలలో వ్యాపారచిత్రములకు భిన్నమైన చిత్రములు వెలువడినవి. వీనినే కళాత్మక చిత్రములనియు, సమాంతర చిత్రములనియు వ్యవహరించిరి. తెలుగున తొలిదశలో ఇతరభాషల దర్శకులు వచ్చి తీసినవి గణనీయములు. 1977లో మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ'ను, 1978లో శ్యామ్ బెనెగల్ 'అనుగ్రహము'ను, 1979లో గౌతమ్ ఘోష్ 'మాభూమి'ని నిర్మించిరి.

'ఒక ఊరి కథ'కు మూలము ప్రేమ్‌చంద్ రచించిన 'కఫన్' కథ. పనిచేయుట దొరలకు లాభము చేయుటయే యని నమ్మి సోమరులుగా బ్రతుకు తండ్రికొడుకులు. ఆ యింటికి కోడలిగా వచ్చి, రెక్కలు ముక్కలు చేసికొని వారిని పోషించు నీలమ్మ. ఆమె ప్రసవవేదనతో మరణించును. వారు సాయము తేరు. ఆమె చనిపోయిన తరువాత అంత్యక్రియలకని ఊరివారు డబ్బిత్తురు. బ్రతికియున్న స్త్రీకి మంత్రసానిని పిలువని ఊరు, శవమునకు బట్ట కప్పుటకు ముందుకు వచ్చినది. పేరంటాలి గుడిలో మనము చూచిన న్యాయమే యిది. కాని ఇందు గుడి లేదు. గుడి లేకపోవుటచేత ఆ న్యాయము ఎంత యాలస్యముగా వచ్చినదో స్పష్టముగా కనబడుచున్నది.

'అనుగ్రహము'న మతము కథకు కేంద్రము. మరాఠీ రచయిత చింతామణి త్ర్యంబక ఖానోల్కర్ నవల దీనికి ఆధారము. ఇల్లు విడిచిన పరశురామునకు కొండూర స్వామి యొక వరమిచ్చును: గర్భమును తొలగింపగల యొక వేరు. దానితో బ్రహ్మచర్యనియమమును విధించును. అతడు ఊరికి తిరిగి వచ్చి మహాత్ముడుగా మన్ననలందుకొనును. ఇచట ఒక సూక్ష్మమును గమనింపవలెను. వరము భర్తకు లభించినది. నియమము భార్య అనసూయకు కూడ తగిలినది. ఆమె వ్రతము పట్టలేదు, ఆమెను ఎవరును అడుగలేదు. ఐనను ఆమె దాంపత్యజీవితము వ్రతమునకు దక్షిణగా పోయినది. ఆ వేరు ప్రయోగింపబడునదియు మరియొక స్త్రీ గర్భముపైననే. అనుగ్రహము పురుషునిది, శరీరము స్త్రీది: చిత్రనామములోని వ్యంగ్యము ఇదియే.

ఇక 'నిమజ్జనము'. తండ్రి యస్థులను గంగలో కలుపుటకై బ్రాహ్మణదంపతులు కాశీయాత్రకు బయలుదేరుదురు. దారిలో బండి తోలువాడు ఆ యిల్లాలిని చెరచును. ఆమె భర్తతో చెప్పజాలదు, యాత్ర మానజాలదు. కడకు మామగారి యస్థులు కలియవలసిన గంగలోనే తానును మునిగిపోవును. ఆ పాత్రను ధరించిన శారదకు 1978వ సంవత్సరపు జాతీయ ఉత్తమనటి పురస్కారము లభించినది.

1963నాటి చిత్రమునకు దీనికిని గల పోలికలను చూడుడు. రెంటియందును సాధ్వియైన గృహిణి, రెంటియందును పుణ్యక్షేత్రము, రెంటియందును ఆమె తన యిష్టముచేతనే దేహము విడుచును. భేదము కడపటి ఘట్టమున నున్నది. తిరుపతమ్మ అగ్నిలో దేవతయైనది. ఈమె నీటిలో ఎవరును కాకుండ పోయినది. నేరము చేసినవాడు వేరొకడు; శిక్ష విధించుకొన్నది తాను. పాతివ్రత్యధర్మము ఆమె మనస్సులో ఎంత గాఢముగా నాటుకొన్నదనగా, మరియొకరు తీర్పు చెప్పవలసిన యవసరము లేకపోయినది. ఇదియే మేము చెప్పదలచిన విషయమునకు కీలకము. 'ఆమె తనంత తానే పోయినది' అను వాక్యము త్యాగమునకు నిదర్శనము కానవసరము లేదు. బలిని కోరు వ్యవస్థ పరిపూర్ణమైనపుడు కోరువాడు బయట నుండడు, ఆమెలోననే యుండును. ముసలమ్మ యంగీకారమును మేము తరగతిలో ప్రశంసించినపుడు ఈ సంగతిని విస్మరించితిమి.

గడిలోని దాసి

ఈ విచారణ తుదిమెట్టునకు చేరినది తెలంగాణ గడిలో. గజ్వేలు చెంతనున్న ప్రజ్ఞాపురమున 1946లో జన్మించిన బి. నరసింగరావు 'మాభూమి' నిర్మాతలలో నొకడు. ఆ చిత్రమునకు కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారము. తెలంగాణ రైతాంగపోరాటము ఇతివృత్తము. అందు దొరకు లొంగవలసివచ్చిన చంద్రి పాత్ర కథానాయకుని కోపమునకు, తద్ద్వారా అతని చైతన్యమునకు హేతువైనది. అనగా ఆమె నష్టము అతని కథకు మెట్టైనది. తొమ్మిది సంవత్సరముల తరువాత నరసింగరావు స్వయముగా దర్శకత్వము వహించి తీసిన 'దాసి' (1988)లో ఆ మెట్టే కథయైనది.

దీని చారిత్రకనేపథ్యమును కొంత వివరింపవలెను. నిజాము రాజ్యమున జాగీర్దారులు, దేశముఖుల గడులలో వెట్టిచాకిరి అన్ని కులములవారిని బాధించినది. దానిలో స్త్రీలకు ప్రత్యేకమైన రూపము ఆడబాప పద్ధతి. దొరబిడ్డకు పెండ్లియైనపుడు అరణముతోపాటు ఒక బాలికను దాసిగా పంపుదురు. ఆమె దొరసానికి పరిచారిక. దొరకును, అతని యతిథులకును భోగ్యవస్తువు. ఆమెకు పెండ్లి లేదు, ఇల్లు లేదు, తనదను బిడ్డ లేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రకటించిన తెలంగాణ పోరాటచరిత్రలో ఈ పద్ధతిని వర్ణించియున్నాడు. ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలో మొదట సమావేశమైన నాటినుండి వెట్టిచాకిరి నిర్మూలనము తెలంగాణ ప్రజోద్యమమునకు ముఖ్యాశయమైనది. 1949లో జాగీర్లు రద్దయినవి. గడులు శిథిలములైనవి. ఆడబాపల చరిత్ర మాత్రము శాసనములకు, దస్తావేజులకు ఎక్కక గొంతులలోనే నిలిచినది.

'దాసి'లో కమలాక్షి అట్టి యువతి. అర్చన ఆ పాత్రను ధరించినది. చిత్రమున సంభాషణలు మితము. నీళ్లు తోడుట, కాళ్లొత్తుట, పక్కవేయుట, పిలిచినపుడు పోవుట: ఈ పనుల వరుసయే కథాగమనము. ప్రేక్షకుని గుండె పగులగొట్టు ప్రసంగములు లేవు. ఆమె దొరవలన గర్భవతియగును; ఆ గర్భమును తీసివేయవలెనని గడి నిర్ణయించును. ఆ బలవంతపు గర్భస్రావమువరకు చిత్రము సాగును. ఆమె చావదు. చచ్చినచో పేరంటాలగునేమో! ఆమెకు ఆ యవకాశమును కూడ గడి ఇయ్యలేదు. తెల్లవారిన తరువాత గడిలో పనియుండును గదా.

ఇందు మూడు విశేషములు గలవు. మొదటిది, కోరినవారెవరో నిర్ణయించినవారెవరో సందేహము లేదు. దైవవాణి లేదు, శకునము లేదు, స్వప్నము లేదు. మనుష్యులు మనుష్యులతో చెప్పిన యాజ్ఞ మాత్రమే గలదు. రెండవది, దొరసాని పాత్ర. ఆమెయు స్త్రీయే. గడిగోడల నడుమ బందీయైనను కమలాక్షిపై అధికారమును చలాయించును. 'స్త్రీ' యను నొక్క మాటతో కులమును, ఆస్తిని తుడిచివేయుటకు వీలులేదని ఈ పాత్ర బోధించుచున్నది. త్యాగమయిగా కీర్తింపబడు గృహిణి వెనుక, పేరులేని మరియొక స్త్రీ చాకిరి దాగియుండును. మూడవది, చిత్రమున కమలాక్షికి పరిహారము లేదు. పరిహారము లేకపోవుటచేతనే ప్రేక్షకునికి ఋణము మిగిలిపోవును. 'శ్రీ తిరుపతమ్మ కథ' చూచినవాడు ఋణము తీర్చుకొని యింటికి పోవును. 'దాసి' చూచినవాడు ఋణముతో పోవును.

ఈ చిత్రమునకు 1988వ సంవత్సరపు జాతీయ పురస్కారములు ఐదు లభించినవి: ఉత్తమ తెలుగు చిత్రము, ఉత్తమనటి అర్చన, ఛాయాగ్రాహకుడు అపూర్వకిశోర్ బీర్, కళాదర్శకుడు తోట వైకుంఠము, వస్త్రాలంకరణకు సుదర్శన్. పురస్కారములకంటె ఆ కాలమే ఎక్కువ గమనింపదగినది. 1987 సెప్టెంబరులో రాజస్థానమందలి దేవరాలలో ఒక యువతి సహగమనము దేశమును కలచివేసినది. ఆ సంవత్సరమే సతీనిరోధమునకై పార్లమెంటు కొత్త చట్టము చేసినది. 1829లో బెంటింకు ప్రభుత్వము నిషేధించిన యాచారమును మరల నిషేధింపవలసివచ్చినదన్నమాట. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ సమర్పణ నిషేధచట్టమును చేసినది. తెలంగాణములోని జోగినీ పద్ధతికిని అది వర్తించినది. దేవుని పేర స్త్రీని ఊరిపరము చేయు ఆచారమును చట్టము నేరమని ప్రకటించిన యేటనే, దేవుని పేరు కూడ లేకుండ స్త్రీని గడిపరము చేసిన వ్యవస్థను చిత్రము మన కన్నుల యెదుట నిలిపినది. అంతకు రెండేండ్ల ముందు, 1986లో, స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'ను ప్రకటించి, తెలంగాణ పోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే వినిపించినది. ఈ మూడింటిని కలిపి చూచిననే 'దాసి' ఒంటరికృతి కాదని తెలియును.

ఇతర దేశముల పోలిక

మతమును, స్త్రీబలిని విచారించిన చిత్రములు ఇతరభాషలలోను గలవు. సత్యజిత్ రాయ్ 'దేవి' (1960)లో మామగారికి వచ్చిన కలవలన చిన్నకోడలు దయామయి కాళికావతారమని పూజింపబడును. పూజయే ఆమెను నశింపజేయును. దైవీకరణము మరణానంతరము గాక బ్రతికియుండగనే జరిగినచో అది ఎట్టి చెరసాలయో రాయ్ చూపెను. ఇది మన పేరంటాలి సంప్రదాయమునకు తిరుగవేసిన బొమ్మ.

దీనికి విరుద్ధమైనది డెన్మార్క్ దర్శకుడు లార్స్ వాన్ ట్రియర్ 1996లో తీసిన 'బ్రేకింగ్ ద వేవ్స్'. స్కాట్లండు తీరమున కఠోరనియమములు గల క్రైస్తవసమాజములోని బెస్ యను యువతి, తాను హింస ననుభవించినచో భర్త స్వస్థుడగునని నమ్మి ప్రాణము వదలును. భర్త లేచి తిరుగును. ఆకాశమున గంటలు మ్రోగును. ఆ గంటల ధ్వనికి పెక్కుమంది విమర్శకులు ముగ్ధులైరి. కొందరు స్త్రీవాదులు తీవ్రముగా ఆక్షేపించిరి. మా దృష్టిలో ఆ గంటలు పెనుగంచిప్రోలు గంటలకు దూరమైనవి కావు. ఐరోపా కళాత్మకచిత్రము సైతము బలికి ఫలము చూపి, ఆకాశమునుండి ఆమోదము తెచ్చినది. 'దాసి'లో గంటలు లేవు. ఈ విషయమున మన చిత్రమే ఎక్కువ నిష్ఠురము, ఎక్కువ సత్యము.

ఒక యాక్షేపణము

ఈ చిత్రములపై న్యాయమైన యాక్షేపణ మొకటి కలదు. వీనిని తీసినవారందరు పురుషులు. నీలమ్మ, అనసూయ, నిమజ్జనములోని యిల్లాలు, కమలాక్షి: వీరందరును మౌనమూర్తులు. బలిని బలిగా చూపుటలో కృతకృత్యులైన దర్శకులు, ఎదిరించిన స్త్రీని చూపుటలో వెనుకబడిరి. చరిత్రలో అట్టివారు లేకపోలేదు. పాలకుర్తి చిట్యాల ఐలమ్మ తన పంటను దొర మనుష్యులు కోసికొనిపోనీయక నిలిచిన సంగతి ఓరుగల్లు సీమలో తెలియనివారు లేరు.

జానపదుల భక్తిలోను ఒక ప్రత్యుదాహరణము గలదు. రెండేండ్లకొకసారి మాఘపౌర్ణమినాడు మేడారమున జరుగు జాతరలో పూజలందుకొను సమ్మక్క, సారలమ్మలు భర్తకై మరణించినవారు కారు, కట్టకై మునిగినవారు కారు. కప్పమునకై కాకతీయసైన్యము వచ్చినపుడు యుద్ధము చేసిరని ఐతిహ్యము. సారలమ్మ రణమున పడినది. సమ్మక్క చిలుకలగుట్టపై అదృశ్యమైనది. కుంకుమభరిణ మాత్రము దొరకినది. వారికి పూజారులు కోయలు. నైవేద్యము 'బంగారము'గా పిలువబడు బెల్లము. హసన్‌పర్తి చుట్టుపట్ల ఊళ్లవారు కట్టమైసమ్మకు మ్రొక్కుదురు, మేడారమునకును పోవుదురు. కావున దైవీకరణ మెల్లయు దోషమని మేము చెప్పము. ఏ కర్మమునకు దైవత్వ మారోపింపబడినదో దానినే పరిశీలింపవలెను. ఎదిరించినదానిని పూజించుట వేరు. ఒదిగినదానిని పూజించుట వేరు.

ఉపసంహారము

మరల మొదటి ప్రశ్నకు వత్తము: ఆమె పోనని యన్నచో ఏమగును?

దీనికి చరిత్రయే యుత్తరము చెప్పుచున్నది. బుక్కరాయసముద్రమునకు పేరిచ్చిన బుక్కరాయని కుమారుడు భాస్కరుడు 1369లో కడప సీమలోని పోరుమామిళ్లలో తటాకము త్రవ్వించి శాసనము వేయించెను. తటాకమునకు కావలసిన పన్నెండు సాధనములను, దానికి కలుగు ఆరు దోషములను ఆ శాసనము పేర్కొన్నది. ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్రము తెలిసినవాడు, గట్టినేల, తియ్యనినీటి నది మున్నగునవి అందు గలవు. రెండేండ్లపాటు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినవని లెక్కయు గలదు. ఆ పన్నెండింటిలో స్త్రీబలి లేదు. ఆ యారు దోషములలో కోడలి నిరాకరణము లేదు. కాకతీయుల పాకాల, రామప్ప చెరువులు ఏడెనిమిది వందల యేండ్లు నిలిచినది మట్టికట్టలచేత, రాతితూములచేత, మత్తడులచేత; ఏటేట మట్టి పోసిన వారి చేతులచేత. కట్ట మరమ్మతునకై దశబంధమను మాన్యములు గూడ ఉండెడివి.

కావున ముసలమ్మ పోననియన్నచో ఊరివారందరు తట్టలు, పారలు పట్టుకొని కట్టమీదికి పోవలసివచ్చెడిది. ఆ శ్రమను మరచినవారికి, ఆ బాధ్యతను తప్పించుకొన్నవారికి ఆమె మరణము చౌకయైన మార్గముగా తోచినది. ఐతిహ్యము దానిని దైవాజ్ఞగా చెప్పినది. కావ్యము త్యాగముగా కీర్తించినది. భక్తిచిత్రము మహిమగా చూపినది. 'ఒక ఊరి కథ' మొదలు 'దాసి' వరకు గల చిత్రములు ఆ పూతలను ఒక్కొక్కటిగా తొలగించి, అడుగున నున్న లెక్కను బయటపెట్టినవి.

సాహిత్యబోధకులమైన మాకు దీనివలన ఒక కర్తవ్య మేర్పడుచున్నది. 'ముసలమ్మ మరణము'ను మానుకొనవలసిన పని లేదు. అది మంచి కావ్యము. దానితోపాటు పోరుమామిళ్ల శాసనమును చదివింపవలెను, 'దాసి'ని చూపవలెను. అటుపిమ్మట త్యాగమను మాటను ఆచితూచి వాడవలెను. ఆ విద్యార్థినికి తరగతిలో మేమీయలేకపోయిన సమాధానము ఇది. ఆలస్యమునకు ఆమె మన్నించును గాక.